నాచుతో ప్లాస్టిక్



నీళ్లతొట్టి నాలుగురోజులు కడక్కపోతే అంచుల వెంట పాచి పడుతుంది గదా! అదే ఒక పెద్ద సరస్సంతా పరుచుకుంటే? 2007లో చైనాలోని తైహు సరస్సులో అదే జరిగింది. పొలాల ఎరువులు, ఫ్యాక్టరీల నీళ్లు, ఊళ్ల మురుగు చేరి నాచు విపరీతంగా పెరిగింది. ఒడ్డునున్న వూషీ నగరంలో సుమారు 20 లక్షల మందికి కుళాయి నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి.

తోడిన నాచును గట్టున పోస్తే కుళ్లి కంపు కొడుతుంది. అందుకని దాన్ని ప్లాస్టిక్‌లో కలపడం మొదలుపెట్టారు.

పద్ధతి కష్టమేమీ కాదు. నాచును పిండి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేస్తారు. తడి బాగా పోవాలి. లేకపోతే వేడికి ఆవిరి పుట్టి సరుకులో బుడగలు పడతాయి. ఆ పొడిని కరిగిన ప్లాస్టిక్‌లో కలిపి గింజలుగా తీస్తారు. గోడమట్టిలో మనం ఊక కలపమూ, అలాగన్నమాట. వేడి మరీ ఎక్కువైతే నాచు మాడుతుంది.

ఉత్త నాచుతోనే చెయ్యరాదా అంటారేమో. ఇంట్లో చిన్న పరీక్ష చేసి చూడండి. చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచి వచ్చేదే. చెంచాడు పొడి కప్పు నీళ్లలో మరిగించి, అరచెంచా గ్లిజరిన్ కలిపి, పళ్లెంలో పల్చగా పోసి ఆరనివ్వండి. రెండు మూడు రోజులకు కాగితంలా ఊడి వస్తుంది. గ్లిజరిన్ వెయ్యకపోతే అప్పడంలా విరుగుతుంది. నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. ఇందుకే వేరే ప్లాస్టిక్ తోడు కావలసి వస్తుంది. చెరువు నాచుతో మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి, కొన్ని రకాల్లో విషముంటుంది.

అసలు కిటుకంతా ఆ తోడులోనే ఉంది. 2017లో తైహు నాచు కలిపిన బూట్లు అమ్మకానికి వచ్చాయి. అందులో నాచుకు తోడైన ఇ.వి.ఎ. అనే నురుగు ప్లాస్టిక్ మట్టిలో కలిసేది కాదు. మొక్కజొన్న నుంచి తీసే పి.ఎల్.ఎ. ప్లాస్టిక్ కలిపితే నయమే. కాని అది కుళ్లడానికి సుమారు 60 డిగ్రీల వేడి, తేమ ఉండే పెద్ద ఎరువు కేంద్రం కావాలి. మన పెరటి గుంటలో వేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

కాబట్టి అట్టమీద పచ్చ ఆకు బొమ్మ చూసి మురిసిపోకండి. "నాచు సరే, తక్కినది ఏమిటి? ఎక్కడ వేస్తే కుళ్లుతుంది?" అని కొట్టువాణ్ణి అడగండి. అతను చెప్పలేకపోతే మన పాత గుడ్డసంచీయే మేలు.