ఎంత దూరం? ఎన్ని గంటలు?

కోదాడ అమ్మాయి లండన్‌లో, మిర్యాలగూడ అబ్బాయి డల్లాస్‌లో ఉండడం ఇప్పుడు వింతేమీ కాదు. పిల్లలు పంపిన టికెట్టు చూసి ఊళ్లో పెద్దవాళ్లు గంటలు లెక్కపెడతారు. ఆ లెక్కల్లోనే కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: కోదాడకు దగ్గరి ఎయిర్‌పోర్టు శంషాబాద్.

వాస్తవం: 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ నుంచి విజయవాడ సుమారు 95 కి.మీ. అది దాటి మరో 20 కి.మీ. వెళ్తే గన్నవరం ఎయిర్‌పోర్టు. హైదరాబాద్‌కే 175 కి.మీ. దాకా ఉంది, శంషాబాద్ ఇంకా అవతల. ఢిల్లీకో బెంగళూరుకో వెళ్లాలంటే కోదాడ వాళ్లకు గన్నవరమే దగ్గర. లండన్‌కు మధ్యలో ఆగని విమానం కావాలంటే మాత్రం శంషాబాద్ బాట పట్టాల్సిందే. సూర్యాపేట వాళ్లు పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తే ఎల్బీనగర్ ట్రాఫిక్ బెడద ఉండదు. మిర్యాలగూడ నుంచి నల్గొండ మీదుగా వచ్చేవాళ్లు నార్కట్‌పల్లిలో ఇదే హైవే అందుకుంటారు.

అపోహ: టికెట్టు మీద ఉన్న రెండు టైముల తేడాయే ప్రయాణ సమయం.

వాస్తవం: బయల్దేరే టైము ఇక్కడిది, దిగే టైము అక్కడిది. లండన్ గడియారం మనకంటే చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక. జనవరిలో పొద్దున 8కి ఇక్కడ ఎక్కి, అక్కడ మధ్యాహ్నం 1.30కి దిగారంటే ప్రయాణం ఐదున్నర గంటలు కాదు, పదకొండు.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్లే విమానం ముందు చేరుతుంది.

వాస్తవం: భూమితో పాటు గాలీ తిరుగుతుంది. పైగా దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది. అందుకే లండన్ వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు సాధారణంగా తక్కువ సమయం పడుతుంది.

అపోహ: దూరం పెరిగితే గంటలూ పెరుగుతాయి.

వాస్తవం: 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. దూరం సుమారు 13,900 కి.మీ. నుంచి 15,300కు పెరిగింది. గాలి వెనక నుంచి తోయడంతో పాత దారి కంటే ముందే, పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది.

అపోహ: మ్యాపు మీద స్కేలుతో గీసిన గీతే దగ్గరి దారి.

వాస్తవం: గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచాక ఆ గీత మోసం చేస్తుంది. భూగోళం మీద దగ్గరి దారి అటువైపే కాబట్టి 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు.

అపోహ: విమానం ఉందంటే అదే తొందర.

వాస్తవం: లండన్–పారిస్ మధ్య గగనమార్గం 340 కి.మీ. పైచిలుకు. విమానానికి గంటంబావు పడుతుంది, యూరోస్టార్ రైలుకు రెండుంబావు. అయినా రైలు ఊరి నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు చేరుస్తుంది కాబట్టి చాలామంది దానివైపే మొగ్గుతారు. హైదరాబాద్–విజయవాడ విమానం కూడా గంట ప్రయాణమే. శంషాబాద్ చేరడం, చెకిన్, సెక్యూరిటీ వరస, గన్నవరం నుంచి ఊళ్లోకి ట్యాక్సీ కలుపుకుంటే సగం పూట గడిచిపోతుంది. ఇక సూర్యాపేట నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పట్టే సమయంలో బస్సు విజయవాడలోనే దించేస్తుంది.