అధిక పీడనంలో ప్రాణవాయువు

మనం పీల్చే ప్రాణవాయువులో అధిక భాగాన్ని రక్తంలోని హీమోగ్లోబిన్ మోసుకొనిపోతుంది. రక్తద్రవంలో కరిగి ఉండేది అత్యల్పం. 100 మిల్లీలీటర్ల రక్తానికి సుమారు 0.3 మిల్లీలీటరు మాత్రమే. పీడనం పెరిగినకొద్దీ వాయువు ద్రవంలో మరింతగా కరుగుతుందన్నది హెన్రీ నియమం. సోడాసీసాయే ఇందుకు నిదర్శనం. మూసిన గదిలో, వాతావరణ పీడనానికి మూడింతల పీడనం వద్ద శుద్ధ ఆక్సిజన్ పీల్చినచో, ఆరోగ్యవంతుని రక్తంలో ఆ 0.3 సుమారు 6 మిల్లీలీటర్లవుతుంది. ఇదే ఈ చికిత్సకు మూలసూత్రం.

వైరస్ సోకి ఊపిరితిత్తులు వాచిన రోగికి దీనివల్ల మేలు కలుగునా? 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలోని కాన్సాస్ నగర వైద్యుడు ఆర్వల్ కన్నింగ్‌హామ్ రోగులను అధిక పీడనపు గాలిలో ఉంచి చూశాడు. 1928లో క్లీవ్‌లండ్‌లో ఆయన కొరకు 64 అడుగుల వ్యాసంగల ఉక్కుగోళాన్నే ఆసుపత్రిగా నిర్మించారు. మధుమేహానికి సైతం అదే చికిత్స అన్నాడాయన. అమెరికన్ వైద్యసంఘం నిదర్శనాలు కోరగా చూపలేకపోయాడు. 1942లో గోళం తుక్కుగా మారింది.

2020లో కోవిడ్ వ్యాపించగా ఈ పద్ధతిని మరల పరీక్షించారు. కొందరి రక్తంలో ఆక్సిజన్ స్థాయి మెరుగుపడింది. కాని మరణాలు తగ్గుతాయని దృఢంగా రుజువు కాలేదు. చెవులకు, ఊపిరితిత్తులకు గాయం, మూర్ఛ, అగ్నిప్రమాదం వంటి భయాలూ లేకపోలేదు.

2021లో సిలిండర్ల కొరకు పరుగులు తీసిన కుటుంబాలను మనం చూశాం. ఆపదలో ఉన్నవారికి ప్రతి ఆశా ఔషధంగానే తోస్తుంది. కనుకనే సూత్రం సత్యమైనంత మాత్రాన చికిత్స సిద్ధించినట్లు కాదని గ్రహించడం విజ్ఞాన విద్యార్థుల ప్రథమ కర్తవ్యం.