మీకు తెలుసా? రోడ్డుకు అడ్డంగా పదిహేను సెకన్లు

ఇచ్ఛాపురం దగ్గర ఒడిశా నుంచి మన రాష్ట్రంలో అడుగుపెట్టే 16వ నంబరు జాతీయ రహదారి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం మీదుగా విశాఖ వైపు సాగిపోతుంది. 2010లో నంబర్లు మార్చేదాకా ఇది ఐదో నంబరు రోడ్డు. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఆ పాత నంబరే వస్తుంది. ఈ దారి పొడవునా ఒక పక్క ఊరు, రెండో పక్క పొలం ఉన్న పల్లెలు ఎన్నో. పొద్దున్నే పెంట తోలే ఎడ్లబండి, చీకటిపడే వేళ గడ్డి వేసుకుని తిరిగొచ్చే ట్రాక్టరు ఆ రోడ్డు దాటాల్సిందే.

ఆ దాటడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా? రోడ్డులో ఒక్కో వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. నరసన్నపేట నుంచి ఆనందపురం దాకా ఆరు వరుసల రోడ్డు వేశారు కాబట్టి ఒక వైపే పదిన్నర మీటర్లు. ఎడ్లతో కలిపి బండి పొడవు ఆరు మీటర్లనుకుంటే, బండి వెనక కొస కూడా అవతలికి చేరడానికి పదహారున్నర మీటర్లు నడవాలి. ఎడ్ల నడక గంటకు సుమారు 4 కిలోమీటర్లు. అంటే పదిహేను సెకన్లు. నాలుగు వరుసలు, అంతకు మించిన రోడ్ల మీద కారుకు 2018లో కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగంతో వచ్చే కారు పదిహేను సెకన్లలో 400 మీటర్లు దాటేస్తుంది. బండివాడు అడుగు ముందుకు వేసేటప్పుడు ఎక్కడో చుక్కలా కనిపించిన కారు, బండి వెనక కొస అవతలి అంచుకు చేరేసరికి మీద ఉంటుంది. ఇది సగం రోడ్డు లెక్క మాత్రమే. మధ్యలో ఆగుదామంటే చాలాచోట్ల డివైడర్ వెడల్పు బండికి చాలదు. ట్రాక్టరుకు తొట్టి కూడా ఉంటే దాని వెనక భాగం వచ్చే వాహనాల దారిలోనే నిలబడిపోతుంది. ప్రమాదం జరిగాక "చూసుకుని దాటొచ్చు కదా" అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చేసి చూడాలని నా కోరిక.

రోడ్డు దాటే చిక్కు ఎడ్లబండిది మాత్రమే కాదు. రిసార్టుల్లోనూ గోల్ఫ్ మైదానాల్లోనూ చప్పుడు లేకుండా తిరిగే బ్యాటరీ బండికి నంబరు ప్లేటు ఎందుకు ఉండదో తెలుసా? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 'మోటారు వాహనం' అన్న మాటకు అర్థం చెబుతూ, ఫ్యాక్టరీలోనో ప్రహరీ ఉన్న మరో ఆవరణలోనో మాత్రమే తిరిగేలా ప్రత్యేకంగా తయారైన బండిని పక్కన పెట్టింది. గోడ లోపల ఉన్నంతసేపు దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గేటు దాటి, జనానికి రాకపోకల హక్కున్న చోటికి వస్తే కథ మారిపోతుంది. అవతలి తోటలోకి వెళ్లి రావడానికి రోడ్డు మీద ఇరవై అడుగులు నడిపినా సరే, రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా మూడూ కావాలి. దూరం తక్కువ కదా అన్న మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. పైగా రోడ్డుకు తగినదని పరీక్షల్లో తేలి ఆమోదం పొందిన మోడల్‌కే రిజిస్ట్రేషన్ చేస్తారు. గడ్డి మీద తిరగడానికి చేసిన బండికి మామూలుగా ఆ ఆమోదం ఉండదు.

ఈ 'గోడ లోపల' అన్న మాటకు ఎంత విలువుందో పొరుగునున్న విశాఖ ఉక్కు కర్మాగారం కేసు చెబుతుంది. అక్కడి సెంట్రల్ డిస్పాచ్ యార్డులో ఉక్కు సరుకు ఎత్తి దించే పని కుదుర్చుకున్న ఒక లాజిస్టిక్స్ సంస్థ 36 వాహనాలను లోపలే తిప్పింది. వాటికి కట్టిన రూ. 22,71,700 పన్ను వెనక్కి ఇమ్మని కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఒకసారి గెలిచి, అప్పీలులో ఓడింది. చివరికి 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఆ సంస్థ పక్షాన తీర్పు చెప్పింది. ప్రహరీ, గేట్లు, కాపలా ఉండి, జనం ఇష్టం వచ్చినట్టు వెళ్లే వీల్లేని చోటు బహిరంగ స్థలం కాదనీ, అక్కడే తిరిగిన కాలానికి వాహన పన్ను అడగకూడదనీ ఆ తీర్పు సారాంశం. రోడ్డు వాడుకునేవాడు కట్టేదే రోడ్డు పన్ను. భోగాపురం విమానాశ్రయం లోపల సామాన్లు లాగే బండ్ల విషయంలోనూ రేపు ఇదే ప్రశ్న రావచ్చు.

బ్యాటరీ బండ్లన్నీ ఒకటే అనుకోకండి. మోటారు శక్తి 250 వాట్లకు లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలకు మించకుండా, సరైన బ్రేకులూ రిఫ్లెక్టర్లూ ఉన్న బండిని నిబంధనలు అసలు మోటారు వాహనంగానే లెక్కించవు. సైకిల్‌తో సమానం. మూడు చక్రాల ఈ-రిక్షాకు వేరే నిర్వచనం ఉంది. డ్రైవరు కాక నలుగురు, 40 కిలోల సామాను, గంటకు 25 కిలోమీటర్లు దానికి హద్దులు. నాలుగు చక్రాల గోల్ఫ్ బండి ఈ రెండు కోవల్లోనూ పడదు.

ఎడ్లబండికి లైసెన్సూ లేదు, నంబరూ లేదు. మరి దానికి చట్టమే లేదా? ఉంది. జాతీయ రహదారుల భూమి, రాకపోకల నియంత్రణ కోసం 2002లో చేసిన చట్టం 'వాహనం' అన్న మాటలో తోపుడు బండినీ నాగలినీ కూడా చేర్చింది. చక్రాలున్న ప్రతిదీ అందులోకి వస్తుంది. రహదారి పాలనాధికారులు అందరికీ వర్తించేలా గానీ ప్రత్యేకంగా గానీ అనుమతిస్తే తప్ప, వాహనంతో లేదా అయిదుగురు, అంతకు మించిన గుంపుగా కాలినడకన జాతీయ రహదారి మీదికి వచ్చే హక్కు ఎవరికీ లేదని ఆ చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. ఊడ్పులకు పదిమంది ఆడవాళ్లు కలిసి రోడ్డు దాటే పల్లెల్లో ఈ సంగతి ఎంతమందికి చెప్పారు? తాతలనాటి పొలం గట్టును కోసుకుంటూ రోడ్డు వచ్చింది. దాటే హక్కు మాత్రం ఇప్పుడు అనుమతి మీద ఆధారపడింది. ఇది నాకు మింగుడుపడని విషయం. రోడ్డు వేసినవారే ఆ ఊరి బండికి కింద నుంచి దారి ఇవ్వాలి. అండర్‌పాస్ అడిగే పల్లెవాళ్లు అడుగుతున్నది దయ కాదు, పోయిన దారి.

టోల్‌గేటు దగ్గరా ఇలాంటి మెలికే ఉంది. నాతవలస, మడపాం గేట్ల దగ్గర ట్రాక్టరుకు డబ్బులు ఎందుకు అడగరో తెలుసా? 2008 నాటి రుసుము నిబంధనల్లో బైకులకు, మూడు చక్రాల బండ్లకు, ట్రాక్టర్లకు, పశువులు లాగే బండ్లకు మినహాయింపు ఉంది. అయితే పక్కన సర్వీసు రోడ్డో మరో దారో ఉన్నచోట ఆటో, ట్రాక్టరు, ఎడ్లబండి ప్రధాన రోడ్డు ఎక్కకూడదన్న షరతు కూడా అక్కడే ఉంది. సర్వీసు రోడ్డు ఊరి చివరకు రాగానే ఆగిపోతే, ట్రాక్టరు అర కిలోమీటరు రాంగ్ రూట్లో వచ్చి మలుపు తిరిగే పరిస్థితి వస్తుంది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది అదే.

ట్రాక్టరు విషయంలో మరో రెండు మాటలు. తొట్టికీ రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని నంబరు దాని మీద కనిపించాలి. ఇక "పొలం దాకానే కదా" అని పద్దెనిమిది నిండని కొడుకు చేతికి తాళం ఇచ్చే తండ్రులు ఇది తప్పక తెలుసుకోవాలి. 2019 సవరణ తర్వాత పిల్లవాడు నేరం చేస్తే సంరక్షకుణ్ణి లేదా యజమానిని దోషిగా ఎంచుతారు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, రూ. 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది, కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అదే సవరణ మోటారు లేని బండ్లూ పాదచారులూ జాతీయ రహదారి వాడుకోవడంపై నిబంధనలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. అందుకు జాతీయ రహదారుల సంస్థను సంప్రదించాలి. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ఆ నిబంధనలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. ఎడ్లబండి ఎక్కడ దాటాలో తేల్చాల్సింది ఆ కాగితాల మీదే. మన జిల్లాల రైతుల మాట అందులోకి చేరాలి.

గోల్ఫ్ బండికీ పెద్ద రోడ్డుకూ అమెరికాలో ఎలా సర్దారో చూడండి. జార్జియాలో అట్లాంటా దగ్గరి పీచ్‌ట్రీ సిటీలో గోల్ఫ్ బండ్లు తిరిగేలా సుమారు 160 కిలోమీటర్ల దారులు వేశారు. హైవే అడ్డం వచ్చిన చోట కింద సొరంగాలు తవ్వారు, పైన వంతెనలు కట్టారు. ఆ రాష్ట్రంలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో చాలామందికి ఆ దారులు తెలిసే ఉంటాయి. ఫ్లోరిడాలో గోల్ఫ్ బండి రాష్ట్ర హైవేను దాటాలంటే ఆ చోటునూ దాటే ఏర్పాటునూ రవాణా శాఖ ముందే చూసి ఒప్పుకోవాలి. బండికి మంచి బ్రేకులు, వెనక చూసుకునే అద్దం, ముందూ వెనకా ఎర్రగా మెరిసే రిఫ్లెక్టర్లు తప్పనిసరి. దీపాలు లేకపోతే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తిరగనిస్తారు. పద్నాలుగేళ్ల పిల్లలు నడిపే వీలును 2023 అక్టోబరు 1 నుంచి తీసేశారు.

ఆ ఎర్ర రిఫ్లెక్టరు మన బండికీ కావాలి. నూర్పుల రోజుల్లో ధాన్యం, గడ్డి వేసుకుని చీకట్లో వచ్చే బండికి వెనక దీపం ఉండదు. గడ్డి కిందికి వేలాడి చక్రాలను కూడా కప్పేస్తుంది. మెరిసే స్టిక్కరును తొట్టి చెక్కకు అంటిస్తే గడ్డి దాన్నీ కప్పేస్తుంది. అందుకే గడ్డి కంటే వెనక్కి పొడుచుకొచ్చేలా ఒక కర్ర కట్టి, దాని కొసకు అంటించాలి. రోడ్డు మధ్యలో తొట్టి చక్రం విరిగినా, ఎద్దు పడిపోయినా జాతీయ రహదారి మీద ఎక్కడి నుంచైనా 1033కు ఫోన్ చేయవచ్చు. మీ పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె చెబితే సాయం చేసేవాళ్లకు చోటు తెలుస్తుంది.