రాగిరేకుల పాట

తాతలనాటి దేవతార్చన వస్తువు చెడినప్పుడు ఇంటిలో రెండు వాదాలు లేస్తవి. కంసాలికిచ్చి కొత్తదానివలె చేయించుదమని ఒకరంటే, పెద్దల చేయి సోకిన వస్తువును అట్లే ఉంచుదమని మరియొకరంటారు. వస్తువు విగ్రహమో గంటో అయితే ఈ తగవు ఒక పూటలో తీరుతుంది. చెడినది పాట అయితే? తిరుపతి పండితులకు ఎదురైన చిక్కు ఇదే.

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) పాడిన సంకీర్తనలను ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యులు రాగిరేకులమీద చెక్కించినారు. తాటాకును పురుగు తింటుంది. వందయేండ్లకో రెండువందల యేండ్లకో మరల వ్రాసుకొనవలె. రాగికి ఆ భయం లేదు. రేకులను తిరుమల ఆలయంలో ఒక రాతి అరలో భద్రపరచినారు. అదే సంకీర్తన భండారం. అన్నమయ్య పాటలు 32,000 అని మనుమడు చిన్నన్న తన ద్విపద చరిత్రలో చెప్పినాడు. నేడు దొరకుచున్నవి పదునాలుగు వేలకు లోపే. తక్కినవి ఏమైనవో రేకులు చెప్పవు.

ఈ భండారం ఇరవయ్యవ శతాబ్దిలో ఎవరో గోడ పగులగొట్టగా హఠాత్తుగా బయటపడినట్లు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. కథ రమ్యమే గాని పూర్తిగా నిజం కాదు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంబెల్ దొర, తిరుపతి కొండమీద ఒక బ్రాహ్మణ కుటుంబం కాపాడుచున్న వేలకొలది రాగిరేకుల సంగతి విని, చూచి రమ్మని మనిషిని పంపినాడు. ఒక వ్యాకరణ గ్రంథానికి మాత్రం నకలు వచ్చినది. తక్కినవన్నీ దేవుని స్తోత్రాలే అని తెలిసి ఆయన ఊరకున్నాడు. రేకులు మాయమైనవి కావు. చదివేవారు లేక మూగవోయినవి. 1920ల తరువాత సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటి శాసన పరిశోధకుల పూనికతోనే వాని విలువ లోకానికి తెలిసినది.

మరమ్మతులో మొదటి పని అక్షరానిది. రేకుమీద చెక్కినవాడు పొరపడితే తుడుపుటకు వీలు లేదు. ఆ తప్పు అట్లే శాశ్వతమవుతుంది. దానిని పరిష్కర్త దిద్దవలసినదే. కాని ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది. వ్యాకరణ పండితునికి తప్పుగా తోచిన మాట సీమ పల్లెలో రైతు నోట నేటికీ పలికే మాట కావచ్చు. దిద్దితే పాట శుద్ధమవుతుంది, అన్నమయ్య గొంతు పోతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కీర్తిశేషులైన తరువాత ఈ పరిష్కరణ భారం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిది అయినది. ఆయన అనంతపురం సీమవారు, మైసూరులో తెలుగు ఆచార్యులుగా పనిచేసినవారు, పైగా సంగీత విద్వాంసులు. ఈ మూడూ ఒకరియందు కూడినందుననే పని నిలిచినదని అనవలె.

రెండవ పని అక్షరంకంటె కష్టమైనది. రేకుమీద ప్రతి పాటకు రాగం పేరు ఉన్నది. స్వరం లేదు, చాలవరకు తాళం పేరును లేదు. ఆనాటి గాయకునికి ఆ పేరే చాలును. బాణీ గురువు నోట ఉన్నది. ఆ నోరు ఎప్పుడో మూతపడినది. పేరు ఉన్నది గదా, ఆ రాగంలో పాడితే సరిపోదా అని విద్యార్థి అడుగవచ్చును. ముఖారి సంగతి చూడుడు. రేకులమీద చాల పాటలకు ముఖారి అని ఉన్నది. కాని 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో చెప్పిన ముఖారి శుద్ధస్వరాల మేళం. నేటి ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు ఒకటే, మూర్తి వేరు. రేకును అనుసరించి నేటి ముఖారిలో పాడినవాడు అన్నమయ్య విన్న నాదాన్నే పాడుచున్నాడని ఎవరు చెప్పగలరు? ఇక కొండమలహరి వంటి రాగాలకు పేరు తప్ప పాడుకలో ఏమియు మిగలలేదు.

రాళ్ళపల్లివారు నూరుకు పైగా పాటలకు తామే స్వరకల్పన చేసినారు. అది అతుకే. అయితే పగిలిన బొమ్మకు పెట్టిన అతుకును రంగు పూసి దాచడం వేరు, ఇది నా చేతి అతుకని చెప్పి పెట్టడం వేరు. వారు చేసినది రెండవది. దోషం తరువాతి మనదే. పాటల పోటీలలో పిల్లలు అన్నమయ్య పేరు చెప్పి పాడుతారు. బాణీ కట్టినవారి పేరు చెప్పరు. ఉపాధ్యాయులు ఆ పేరును నల్లబల్లమీద రాగం ప్రక్కనే వ్రాసినట్లయితే, పిల్లలకు ఐదువందల యేండ్ల దూరం కూడ కనబడును.

తాళ్ళపాక వంశీయులకు మాత్రం ఈ విచికిత్స అంతగా పట్టినట్లు లేదు. తిరుమలలో కల్యాణోత్సవానికి కన్యాదాతలు నేటికీ వారే. తెల్లవారుజామున మేలుకొలుపు పాడే హక్కును వారిదే. రేకులలో కొన్ని కొండమీద మ్యూజియంలో అద్దాల వెనుక ఉన్నవి. చూడబోయినవారు దగ్గరగా నిలిచి చదివితే, పాట తలమీద రాగం పేరు తెలియవచ్చును.