బెట్ట పెడితేనే కాగితం పూలకు కళ

కుండీలో కాగితం పూల మొక్క పచ్చగా, ఏపుగా ఎదిగింది. మీరు రోజూ నీళ్లు పోస్తున్నారు, నెలకోసారి యూరియా చల్లుతున్నారు. ఆకు మీద ఆకు వస్తోంది గానీ రంగు మాత్రం కనిపించడం లేదు. సంక్రాంతి ముందు బేరానికి వచ్చిన వ్యాపారి మీ వరుస దాటిపోయి, పక్క రైతు దగ్గర సగం ఎత్తు కూడా లేని కుండీలను ఎత్తించుకుపోయాడు. తప్పు మొక్కది కాదు, మనం చేసిన గారాబానిది.

తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక, వేమగిరి పరిసరాల్లో కొద్దిపాటి సెంట్ల నేలలోనే కుండీ మొక్కలు పెంచి, పెద్ద నర్సరీలకో లారీలతో వచ్చే వ్యాపారులకో అమ్ముకునే చిన్న రైతులున్నారు. వారికి ఈ మొక్క మంచి సరుకే. కొమ్మ ముక్కతో పుడుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది. చిక్కల్లా ఒక్కటే. పూత మీద ఉంటేనే రంగు తెలుస్తుంది, రంగు చూస్తేనే కొంటారు. పూత లేని కుండీ ఇంకో ఏడాది జాగా తినేస్తుంది.

ఈ మొక్క గుణం తెలిస్తే సగం పని అయినట్టే. మనం పువ్వు అనుకునేది నిజానికి రంగు తిరిగిన ఆకు. ఆ మూడు రేకుల మధ్య సన్నని గొట్టంలా ఉండేదే అసలు పువ్వు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా. నేలలో తేమ, నత్రజని దండిగా ఉంటే తీగ సాగుతుంది. తేమ తగ్గి, వేళ్లకు కాస్త ఇరుకైతే పూతకు తిరుగుతుంది. మన ఊళ్లలో ప్రహరీల మీద పాకిన మొక్కల్ని చూడండి. వానల్లో ఆకు, చలి వెనక నుంచి ఎండలు ముదిరే దాకా రంగే రంగు. వాటికి నీళ్లు పోసిందెవరు?

నిమ్మ, బత్తాయి తోటలున్న రైతులకు ఇది కొత్త కాదు. పూత కోసం నీళ్లు ఆపి తోటను బెట్టకు వదులుతారు కదా, ఇదీ అదే. కాకపోతే కుండీలో మట్టి కొంచెమే కాబట్టి లెక్క నెలల్లో కాదు, రోజుల్లో ఉంటుంది.

సంక్రాంతికి పూత కావాలంటే నవంబరు మొదట్లో, వానలు తెరిపి ఇవ్వగానే కొమ్మల్ని మూడో వంతు దాకా కత్తిరించండి. పూత కొత్త చిగురు మీదే వస్తుంది, ముదురు కొమ్మను నమ్ముకుని లాభం లేదు. కత్తిరించాక మామూలుగా నీరివ్వాలి. చిగుళ్లు జానెడు సాగితే ఒక్కసారి చివర్లు తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. ఆ తర్వాత ఇక తుంచకండి. పూత వచ్చేది చివరల్లోనే. డిసెంబరులో బెట్ట మొదలుపెట్టండి. మట్టి ఎండి, సాయంత్రం వేళ లేత ఆకులు కాస్త తలవాల్చే దాకా ఆగి, అప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేలా నిండుగా పోయండి. మళ్లీ ఆగండి. రెండు మూడు వారాలు ఇలా చేస్తే చివర్లలో చిన్న చిన్న మొగ్గలు కనిపిస్తాయి. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది. మొగ్గ కనపడగానే బెట్ట ఆపేయాలి. అప్పుడు కూడా ఎండగడితే మొగ్గ రాలిపోతుంది.

ఇంత చేసినా పూత రాలేదంటే కుండీ ఎత్తి చూడండి. చాలామంది చూడని చోటు అదే. కుండీని నేల మీద పెడితే అడుగు రంధ్రంలోంచి వేరు భూమిలోకి దిగిపోతుంది. మీరు పైన నీళ్లు కట్టేస్తారు, అది కింద హాయిగా తాగుతుంటుంది! మా పెరట్లో రెండేళ్లు పూయని కుండీ ఒకటి ఉండేది. కదిలిస్తే కదల్లేదు, వేరు బొటనవేలంత లావుంది. అమ్మకం రోజున అలాంటి కుండీ ఎత్తితే వేరు తెగి, లారీ ఊరు దాటకముందే ఆకు వడలిపోతుంది. కొన్నవాడు మళ్లీ మీ గుమ్మం తొక్కడు. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టండి, లేదా మందపాటి పాలిథిన్ పట్టా పరవండి. నెలకోసారి జరుపుతుండండి. ఇటుకల మీద ఉంటే వానాకాలంలో నీరు నిలిచి వేరు కుళ్లే బాధా తగ్గుతుంది.

రెండో పొరపాటు నీడ. మిగతా మొక్కలతో పాటు దీన్నీ ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద పెడుతున్నారు. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. లేకపోతే మీరెంత బెట్ట పెట్టినా మొక్క సన్నగిల్లడం తప్ప పూత రాదు.

ఎరువు సంగతికొస్తే, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. కత్తిరించినప్పుడు ఇంకో గుప్పెడు చివికిన ఎరువు వేయండి. యూరియా జోలికి పోవద్దు. మొగ్గకు ముందు లీటరు నీటికి 5 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి ఒకసారి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు. పెద్ద కుండీలోకి మార్చాలన్న తొందర వద్దు, వేళ్లు కుండీ నిండనివ్వండి. పిండినల్లి కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి కొట్టండి.

రకాల్లో మేరీ పామర్ ఒకే చెట్టున తెలుపు, గులాబీ రెండూ పూస్తుంది. తిమ్మ రకానికి ఆకు కూడా రెండు రంగులు, కాబట్టి పూత లేని రోజుల్లోనూ కొంత అందంగా కనిపిస్తుంది. మహారా ముద్ద పూలది. ధరలు ఊరూరికీ, పండగ పండగకీ మారతాయి గనుక ఇక్కడ రాయడం లేదు.

పూత అయ్యాక మళ్లీ కత్తిరిస్తారు కదా, ఆ కొమ్మలు పారేయకండి. పెన్సిలు లావున్న ముదురు కొమ్మను జానెడు ముక్కలు చేసి, ఆకులు తీసి, తడి ఇసుకలో నీడన నాటండి. అన్ని రకాలూ ఒకేలా వేళ్లు పట్టవు. చేతికి కొత్త రకం వస్తే ముందు పది ముక్కలతో చూసుకుని, ఆ తర్వాతే ఎక్కువ పెట్టండి.