బుగ్గ నీరు

బుగ్గ యనగానే మనకు మొదట చెక్కిలి తోచును. నీటిపై తేలు బుడగకును అదియే పేరు. నేలను చీల్చుకొని ఉబికివచ్చు ఊటనుగూడ మన పెద్దలు బుగ్గ యనియే పిలిచిరి. తాడిపత్రిలో పెన్న యొడ్డున నున్న శివాలయమునకు బుగ్గ రామలింగేశ్వరాలయ మను పేరు అట్లు వచ్చినదే. అట్టి బుగ్గ మరియొకటి బొగ్గుగనుల సీమలో, బెల్లంపల్లి సమీపమున గలదు. బొగ్గునకును బుగ్గకును మాటలో భేదము స్వల్పమే. నేలలో వాటి కాపురములు కూడ అంత దూరమైనవి కావు.

కాజీపేటనుండి బల్లార్షా పోవు రైలుమార్గమున, మంచిర్యాల దాటిన పిమ్మట బెల్లంపల్లి వచ్చును. 1920వ దశకపు చివరి యేండ్లలో ఇచ్చట బొగ్గు త్రవ్వకము ఆరంభమయ్యెను. ఆ గనులే ఈ పట్టణమును పెంచినవి. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండిన యీ పట్టణము 2016 నుండి మంచిర్యాల జిల్లాలో నున్నది. పట్టణము విడిచి కన్నాల గ్రామము దిక్కుగా అడవిలోనికి పోయినచో బుగ్గ రాజరాజేశ్వరస్వామి ఆలయము కనబడును. ఊట చెంతనే దేవుడు వెలసినాడు గనుక ఆ పేరు. మహాశివరాత్రికి ఇచ్చట గొప్ప జాతర జరుగును. గనిపని చేయు కుటుంబములవారును, చుట్టుపట్ల పల్లెలవారును తరలివత్తురు.

జాతర జరుగు కాలమును గమనింపుడు. వానలు వెనుదీసి అప్పటికి నాలుగు నెలలు దాటియుండును. టేకుచెట్లు ఆకు రాల్చియుండును. చిన్న వాగులలో నీరు సన్నగిల్లి ఇసుక తేలును. నీరు కావలసినవారు ఆ యిసుకలో చెలమ త్రవ్వుకొందురు. మబ్బు లేదు, వాన లేదు. మరి బుగ్గలో నీ రెక్కడిది?

అదియు వాననీరే, కాని నిన్న మొన్నటి వాన కాదు. ఈ ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో హెచ్చుభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకే. బట్టనేలపై పడిన వాన వాలు వెంట పరుగెత్తి వాగున గలియును. అడవిలో పడినది అట్లు పరుగెత్తజాలదు. కొమ్మలును ఆకులును దాని వడిని తగ్గించును. నేలపై రాలిన ఆకుల మెత్త దానిని పట్టి నిలుపును. వేళ్లు చేసిన సందులగుండ అది లోనికి ఇంకును. గోదావరి లోయలో ఈ భాగమున ఇసుకరాయి విస్తారము. ఏనాడో నదులు తెచ్చిపోసిన యిసుక గట్టిపడి ఇట్లు రాయియైనది. చూచుటకు గట్టిగా నున్నను దాని రేణువుల నడుమ కంటికి కానరాని ఖాళీలుండును. మెత్తని ఇసుకరాతి ముక్క దొరికినచో దానిపై ఒక నీటిబొట్టు వేసి చూడుడు. కొంతసేపటికి అది రాతిలోనికే పోవును. నీరు ఆ ఖాళీలలో దిగి దిగి, తనను పోనీయని బంకమట్టిరాతి పొర తగులగానే దానిమీదుగా ప్రక్కకు మరలును. ఆ పొర ఏ గుట్టవాలుననో, ఏ లోయ అంచుననో బయటపడిన తావున నీరుకూడ బయటపడును. అదే ఊట. ఒత్తిడి అధికముగ నున్నచో అది బుడబుడ పొంగును.

భూమిలో నీటి నడక మిక్కిలి మందము. వాగు గంటలో పోవు దూరమును పోవుటకు దానికి నెలలు, ఒక్కొక్కయెడ ఏండ్లు పట్టును. ఈ ఆలస్యమే వేసవిలో బుగ్గకు ప్రాణము. అంత యిసుకలో వడగట్టబడుటచే ఊటనీరు తేటగా నుండును. ఎండ తగులని లోతునుండి వచ్చుటచే వేసవిలో చల్లగాను, చలికాలపు వేకువను వెచ్చగాను తోచును. నిజమునకు దాని వేడిమి ఏడాది పొడుగునను ఇంచుమించు ఒక్కటే. మారునది చుట్టునున్న గాలి.

ఇట్టి తేటనీరు లోతుగా నిలిచినచోట నీలముగా కనబడును. కాశ్మీరమున పీర్ పంజాల్ పర్వతముల పాదముననున్న వెరినాగ్ ఊట ఇందుకు పేరుపొందినది. జీలం నది అచ్చట పుట్టునని చెప్పుదురు. మొగలు చక్రవర్తి జహంగీరు 1620లో ఆ ఊటచుట్టును ఎనిమిది పలకల రాతి కొలను కట్టించెను. ఆ నీలిమ కేవలము ఆకాశపు నీడయేనా? విశాఖపట్టణమున బాల్యవిద్య నేర్చిన సి. వి. రామన్ 1921లో ఓడపై పోవుచు మధ్యధరా సముద్రపు నీలిమను చూచి ఈ ప్రశ్ననే వేసికొనెను. ఆకాశపు ప్రతిబింబమొక్కటియే దానికి కారణము కాదని పిదప నిరూపించెను. నీరు ఎర్రని కాంతిని కొంచెము కొంచెముగా మ్రింగును. నీలికాంతిని చెదరగొట్టి మన కంటికి పంపును. గ్లాసెడు నీటిలో ఇది తెలియదు. లోతు తక్కువైన ఊటలలోనూ నీలము కనబడదు. అడుగుననున్న ఇసుకరేణువులు కనబడును. అదియు చూడదగినదే.

ఇక గనివైపు మరలుదము. ఈ సీమలో బొగ్గుగనిని ‘బాయి’ అందురు. బాయి యనగా బావియే. ఆ పేరు పెట్టినవారెవరోగాని నిజము పలికిరి. బొగ్గుపొరలు ఇసుకరాతి పొరల నడుమ నుండును. ఆ రాళ్లలో నీరుండును. నేలలో లోతుగా గొయ్యి చేసినంతనే చుట్టుప్రక్కల నీరు దానిలోనికి జారును. గనిలో పల్లపు చోట సంపు త్రవ్వి, నీటిని అందులో చేర్చి, పంపులతో రేయింబవళ్లు పైకి తోడవలెను. తోడకున్న మనుష్యులు లోన పనిచేయజాలరు. గనిలో నీరెంత ప్రమాదకరమో గోదావరిఖనివారెరుగుదురు: 2003 జూన్ 16న అచ్చటి 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొనిపడి 17 మంది కార్మికులు మరణించిరి.

తోడక తప్పదు, తోడినకొలది చుట్టునున్న భూగర్భజలమట్టము దిగును. వ్యవసాయపు బోరుబావులును ఇట్లే దించును. ఆ మట్టము ఊటనోటికంటె దిగువకు పోయినచో ఊట ఆగును. బుగ్గ ఎండుటకు దాని నెవ్వరును పూడ్చనక్కరలేదు. దానికి నీరిచ్చు నేల ఎక్కడనో ఆరినను, దానిపై అడవి పోయినను చాలును. దేశమున సుమారు 50 లక్షల ఊటలున్నవనియు, హిమాలయ ప్రాంతపు ఊటలలో దాదాపు సగము ఎండిపోవుచున్నవనియు 2018లో నీతి ఆయోగ్ నివేదిక తెలిపినది. ఎండినవానిని మరల పారించుటయు అసాధ్యము కాదు. సిక్కింలో ఊటను ‘ధార’ అందురు. 2008లో ఆరంభమైన ధారా వికాస్ కార్యక్రమమున అచ్చటివారు ఊట బయటపడుచోట గాక, దానికి ఎగువనున్న కొండవాలుపై చిన్న కందకములు త్రవ్విరి. వాన వాటిలో నిలిచి ఇంకినది. ఎండిన ధారలు కొన్ని మరల పారినవి.

ఊట తగ్గుచున్నదా, నిలకడగా నున్నదా యని తెలియుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. నీరు పడుచోట 10 లీటర్ల బొక్కెన పెట్టి, అది ఎన్ని సెకండ్లలో నిండునో గడియారము చూచి వ్రాయవలెను. 20 సెకండ్లలో నిండినచో నిమిషమునకు 30 లీటర్లు. దినమునకు 43,200 లీటర్లు. నెలకొకమారు, అదే చోట, అదే బొక్కెనతో కొలువవలెను. ఒక్క యేటి లెక్క చాలదు. వాన తక్కువైన యేడు నీరు తగ్గుట సహజము. నాలుగైదేండ్ల అంకెలు ప్రక్కప్రక్కన చూచినప్పుడే అసలు సంగతి తేలును. మొదటి అంకెను శివరాత్రి జాతర సందడి ముగిసిన మరునాడు వ్రాసికొనవచ్చును.