మాతృభాష లేని ఖండము

భూమిమీద ఏ దేశమునకు పోయినను, అచ్చట ఒక తల్లి తన బిడ్డను ఏదో ఒక భాషలో జోకొట్టుచుండును. దక్షిణ ధ్రువమును చుట్టియున్న అంటార్కిటికా ఖండమునకు మాత్రము అట్టి సొంత భాష లేదు. అచ్చట పుట్టి పెరిగిన జాతి యేదియు లేదు. పరిశోధనకై వచ్చి, కొన్ని నెలలో ఒక యేడాదియో ఉండి, తిరిగి పోవువారే అందరును. అయినను అచ్చట మాటలకు కొదువ లేదు. ఆ మాటల కథనే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఎవరి కేంద్రములో వారి భాష నడచును. రష్యావారి కేంద్రములలో రష్యన్, అర్జెంటీనా, చిలీ దేశములవారి కేంద్రములలో స్పానిష్ వినబడును. వివిధ దేశములవారు కలిసికొన్నప్పుడు హెచ్చుగా ఇంగ్లీషు వాడుదురు. అయితే 1959 డిసెంబరు 1వ తేదీన 12 దేశములు వాషింగ్టనులో చేసికొన్న ఒడంబడిక ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్ భాషలు నాలుగింటను వ్రాయబడినది. నాలుగు పాఠములును సమానముగా ప్రామాణికములే.

మన దేశపు తొలి యాత్రా బృందము 1982 జనవరిలో అచ్చట అడుగిడినది. పిమ్మట మనవారు నెలకొల్పిన కేంద్రములకు దక్షిణ గంగోత్రి, మైత్రి, భారతి అని పేర్లిడిరి. అర్థము అడుగనక్కరలేకయే తెలుగువారికి బోధపడు పేర్లివి.

అవసరమును బట్టి మాటలు వలస వచ్చును. గాలి కోతకు మంచుమీద లేచు గట్లను సస్త్రుగి అందురు. బండ్లకు ప్రమాదకరమైన ఈ గట్లకు పేరు పెట్టినది రష్యన్ భాష. మంచును చీల్చుకొని పైకి వచ్చిన కొండకొమ్మును నునాటక్ అందురు. ఇది ఉత్తరాన గ్రీన్లాండువారి మాట. భూగోళపు ఒక కొననుండి మరియొక కొనకు చేరినది!

ఉచ్చారణ సైతము మారునట. 2018లో బ్రిటిషువారి రోథెరా కేంద్రమున చలికాలము గడపిన 11 మంది పలుకులను పలుమారు రికార్డు చేసి పరిశీలించిరి. బయటి లోకముతో రాకపోకలు లేక కలిసి మెలిసి ఉండుటచే, వారు కొన్ని అచ్చులను పలుకు తీరు అతి స్వల్పముగా మారినట్లు 2019లో వెల్లడించిరి. కొత్త యాసకు అది తొలి మొలక.

కాని ఆ మొలక వేరూనలేదు. చలికాలము ముగియగనే ఎవరి దారిన వారు పోవలసినదే. 1978 జనవరి 7న అర్జెంటీనావారి ఎస్పెరాంజా కేంద్రమున ఎమీలియో పాల్మా జన్మించెను. ఆ ఖండమున పుట్టిన తొలి శిశువు అతడే. అతని చెవిని పడినదియు తల్లిదండ్రులు వెంట తెచ్చుకొన్న స్పానిషే.

దీనినిబట్టి మనకు తోచునది ఒకటి కలదు. మాట పుట్టుటకు పదిమందియు, ఒక చలికాలమును చాలును. భాష నిలుచుటకు మాత్రము ఇంట ఊయల ఊగవలెను.